పేషీలో టపా: ప్రముఖుల దగ్గర ఉత్తరాలు చూసే పీఏకు సమగ్ర మార్గదర్శి

కొత్తగా పీఏగా చేరిన పిల్లలు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, రోజుకు ఇన్ని కాగితాలు వస్తున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో కొన్నేళ్లు, మంత్రి పేషీలో కొన్నేళ్లు టపా చూశాను. అందరికీ విడివిడిగా చెప్పేకంటే వరసగా రాస్తే నయమనిపించింది.

సార్ అని రాస్తున్నాను, మేడమ్ అయినా ఇదే. సినిమావాళ్ల దగ్గరో, రచయితల దగ్గరో పనిచేసేవాళ్లు సిఫార్సుల భాగం వదిలేసి మిగతాది వాడుకోవచ్చు.

ఒక్కటి ముందే పెట్టుకోండి. మీ ఉద్యోగం ఉత్తరాలు రాయడం కాదు. సార్ సంతకానికి కాపలా కాయడం. కింద చెప్పే రిజిస్టర్లు, నంబర్లు, తాళాలు అన్నీ అందుకే.

1. మొదటి వారంలో తేల్చుకోవాల్సినవి

చేరగానే పెన్ను పట్టకండి. సార్‌తో అరగంట కూర్చుని ఇవి అడిగి రాసుకోండి. తర్వాత అడిగితే "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అంటారు.

- ఏ ఉత్తరాలు విప్పకుండా నేరుగా ఇవ్వాలి? ఇంటివాళ్లవి, పార్టీ పెద్దలవి, "వ్యక్తిగతం" అని రాసి ఉన్నవి.
- ఏ రకం జవాబులు నా సంతకంతో పంపొచ్చు, ఏవి ఆయనే సంతకం పెట్టాలి?
- దేనికి ఎప్పుడూ "కుదరదు" అనే చెప్పాలి?
- ఆయన ఊళ్లో లేనప్పుడు అర్జెంటు కాగితం ఎవరికి చూపించాలి?

ఆ తర్వాత పాత ఆఫీస్ కాపీలు, అంటే ఇంతకుముందు పంపిన ఉత్తరాల నకళ్లు, ఓ 40 తీసి చదవండి. ఎవరిని "అన్నా" అని రాస్తారు, ఎవరిని "గౌరవనీయులైన" అంటారు, పొడి అక్షరాల్లో పిలిచేది ఎవరిని, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి. తన కంటే పదేళ్లు పెద్దాయనను సార్ ముప్పై ఏళ్లుగా "బావా" అంటుంటే, మీరు "శ్రీయుతులు" అని టైపు చేసి పంపితే ఆ పెద్దాయన ఫోన్ చేసి "ఏం తప్పు చేశాను?" అని అడుగుతాడు.

2. బల్ల మీద ఉండాల్సిన సరంజామా

- తేదీ మార్చుకునే "అందినది" స్టాంపు
- ఇన్‌వర్డ్ రిజిస్టర్ (వచ్చినవాటికి), ఔట్‌వర్డ్ రిజిస్టర్ (పంపినవాటికి)
- ఒరిజినల్ పత్రాలకు విడిగా ఒక బాక్సు ఫైలు
- లెటర్‌హెడ్లకు తాళం ఉన్న సొరుగు
- రోజుకో పెద్ద కవరు, దేనికో తర్వాత చెబుతాను

ఇన్‌వర్డ్ కంప్యూటర్లో పెట్టుకున్నా సరే, ఈ గడులు మాత్రం ఉండాలి: నంబరు, తేదీ, పేరు, ఊరు, మండలం, ఫోన్, విషయం ఒక్క ముక్కలో, ఎవరికి పంపాం, ఏ తేదీన, చివరికి ఏమైంది. ఆఖరి గడి ఖాళీగా ఉన్న రిజిస్టర్లే నేను ఎక్కువ చూశాను.

లెటర్‌హెడ్లు ప్రెస్సులో అచ్చు వేయించేటప్పుడే మూలన వరస నంబరు వేయించండి. పాడైపోయినదాన్ని చించి పారేయకండి, అడ్డంగా గీత కొట్టి దాచండి. సాయంత్రం లెక్క చూసుకోండి: పొద్దున ఎన్ని, వాడినవి ఎన్ని, పాడైనవి ఎన్ని. రెండు నిమిషాల పని.

సంతకం రబ్బరు స్టాంపు ఉంటే శుభాకాంక్షల కార్డులకు తప్ప బయటికి తీయొద్దు. వీలైతే అసలు చేయించనే వద్దు.

3. టపా విప్పడం

పొద్దున పోస్టు, కొరియర్, గేటు దగ్గర ఇచ్చినవి, నిన్న పర్యటనలో జనం చేతిలో పెట్టినవి, అన్నీ ఒకే బల్ల మీదికి రావాలి. ఎక్కువగా పోయేది చివరి రకమే. సార్ చొక్కా జేబు, కారు డ్యాష్‌బోర్డు, గన్‌మన్ సంచి రోజూ వెతకండి. మొహమాటం వద్దు. ఎండలో రెండు గంటలు నిలబడి ఇచ్చిన కాగితం అది.

విప్పే వరస ఇది:

1. కవరు పక్క అంచు కత్తిరించండి. చేత్తో చింపితే లోపలి కాగితం చిరుగుతుంది.
2. లోపల ఏమున్నాయో లెక్కపెట్టి ఉత్తరం మూలన పెన్సిల్‌తో "జత: 3" అని రాయండి.
3. తేదీ స్టాంపు, నంబరు వేయండి.
4. అడ్రసు ఉత్తరంలో లేకపోతే కవరు మీదిది కత్తిరించి జత చేయండి. పిన్‌కోడ్ ఆరు అంకెలూ ఉన్నాయో లేదో చూడండి.
5. ఒరిజినల్స్ ఉంటే జిరాక్స్ తీసి, ఒరిజినల్ బాక్సు ఫైల్లో పెట్టి, వారంలోగా తిరిగి పంపండి.
6. డబ్బు, చెక్కు, బంగారం లాంటివి ఉంటే ఇంకొకరి ఎదుట లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, తిప్పి పంపండి.
7. ఖాళీ కవర్లన్నీ ఆ రోజు తేదీ రాసిన పెద్ద కవర్లో వేసి వారం రోజులు ఉంచండి.

ఏడో అంకె మీద నాకు పట్టుదల ఎందుకంటే, మొదటి ఏడాది ఒక తల్లి కొడుకు టెన్త్ మెమో ఒరిజినల్ పంపింది. ఉత్తరం తీశాం, మెమో కవరు అడుగున అంటుకుపోయి ఉండిపోయింది. ఆమె ఫోన్ చేసే సరికి కవర్లు చెత్తబుట్టలో, చెత్త వీధి చివర తొట్టిలో. అటెండరూ నేనూ టార్చిలైటు వేసుకుని వెతికాం. టీ మరకలతో దొరికింది. ఆ మరకకు క్షమాపణ ఉత్తరం నేనే రాసుకున్నాను.

4. ఐదు కుప్పలు

చదివినవాటిని అక్కడికక్కడే వేరు చేయండి. "తర్వాత చూద్దాం" అనే ఆరో కుప్ప పెట్టొద్దు.

- ఈ రోజే: ప్రాణం మీదికి వచ్చినవి, ఆసుపత్రివి, కోర్టు నోటీసులు, గడువు ఉన్నవి
- సార్ చూడాల్సినవి: సాటి ప్రజాప్రతినిధుల ఉత్తరాలు, విధానపరమైనవి, విమర్శలు
- శాఖకు పంపాల్సినవి: పింఛను, పట్టా, రోడ్డు, కరెంటు
- నేనే జవాబివ్వాల్సినవి: ఆహ్వానాలు, ఆటోగ్రాఫ్ ఫొటోలు, వివరాలు అడిగినవి
- దాచి ఉంచాల్సినవి: పదేపదే రాసేవాళ్లవి, ఆకాశరామన్న ఉత్తరాలు

లాయరు నోటీసు వస్తే అందిన తేదీ పెద్దగా రాసి, కవరుతో సహా గంటలో న్యాయవాదికి చేర్చండి. చెక్ బౌన్స్ నోటీసుకు 15 రోజులే గడువు. సార్ పర్యటన నుంచి వచ్చేదాకా ఆగితే సగం అయిపోతుంది.

ఆకాశరామన్న ఉత్తరం అని పారేయకండి. ఒకే హాస్టల్ మీద మూడు వేర్వేరు చేతిరాతల్లో ఉత్తరాలు వచ్చాయంటే అక్కడ ఏదో ఉన్నట్టే. ఇక ఉర్దూలోనో తమిళంలోనో వచ్చినవి చదవలేక పక్కన పెట్టడం మామూలు. చదివేవాళ్లను పట్టుకుని రెండు లైన్ల సారాంశం తెలుగులో రాయించుకోండి.

5. సార్ ముందు పెట్టడం

పెద్దవాళ్లకు ఉత్తరాలు చదివే టైము ఉండదు, కానీ చదవలేదని ఒప్పుకోరు. కాబట్టి రోజుకు 20 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో కనిపెట్టండి. మా సార్‌కు కారులో మొదటి అరగంట. ఇంకొకరికి పూజ అయ్యాక కాఫీ టైము.

ప్రతి ఉత్తరానికి పైన ఒక చీటీ పిన్ చేయండి. చీటీ మీద మూడే లైన్లు: ఎవరు, ఏం అడిగారు, ఏం చేద్దాం. మూడో లైను లేకుండా కాగితం పెడితే అది మళ్లీ మీ బల్ల మీదికే వస్తుంది.

వరస కూడా ఆలోచించండి. మొదట సంతకాలు, తర్వాత నిర్ణయాలు, చివర ఒక మంచి ఉత్తరం. "మీ వల్ల మా అమ్మాయి సీటు నిలబడింది" లాంటిది. వారానికి ఒకటి, చేతిరాతతో వచ్చిన ముతక ఉత్తరం చీటీ లేకుండా అలాగే ఇవ్వండి. తిట్లున్నా సరే. మనం వడకట్టిన లోకమే ఆయన చూస్తుంటే ఎన్నికల రోజు మనందరికీ ఆశ్చర్యమే మిగులుతుంది.

6. జవాబు రాయడం

ఆఫీసుల్లో అలవాటుగా వెళ్లే జవాబు ఇది:

"మీ వినతిని సానుభూతితో పరిశీలించి తగు చర్యలు తీసుకొనబడునని తెలియజేయుటకు సంతోషించుచున్నాము."

పింఛను ఆగిపోయిన ముసలమ్మకు మనవడు ఇది చదివి వినిపిస్తే, ఆమె అడిగేది "వస్తదా, రాదా?" అని. ఆ ప్రశ్నకు జవాబు ఇలా ఉండాలి:

"అమ్మా, పింఛను ఆగిందని మీరు 12వ తేదీన రాసిన ఉత్తరం అందింది. దాన్ని ఈ రోజే కలెక్టర్ గారికి పంపాం. మా నంబరు 412. పింఛను ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లే తేలుస్తారు, మా చేతిలో లేదు. నెలలోగా ఏ కబురూ రాకపోతే 412 అని చెప్పి ఈ ఆఫీసుకు ఫోన్ చేయించండి. మీరు పంపిన పాస్‌బుక్ ఒరిజినల్ దీంతోపాటే తిప్పి పంపుతున్నాం."

అందింది, ఏం చేశాం, ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు అడగాలి. ఈ నాలుగూ ఉంటే చాలు. "తప్పక చేయిస్తాం" అన్న మాట మాత్రం పెట్టకండి. ఆ కాగితం లామినేషన్ చేయించుకుని మూడేళ్ల తర్వాత తెస్తారు.

అధికారులకు రాసేది వేరు. అధికారి పేరుతో రాసే డీఓ (డెమీ అఫీషియల్) లెటర్ బరువైనది, అన్నిటికీ వాడితే తేలికైపోతుంది. ఉత్తరం మీద సార్ చేతితో రాసే ముక్కకూ మెట్లున్నాయి: "తగు చర్యకై" అంటే మామూలు. "పరిశీలించి తెలియజేయగలరు" అంటే జవాబు కావాలి. "నాతో మాట్లాడగలరు" అంటే నిజంగా కావాలి. అధికారులకు ఈ లెక్క బాగా తెలుసు. అన్నిటి మీదా "అత్యవసరం" అని రాసే పేషీ కాగితాలు ఏ సెక్షన్లోనైనా అడుగుకే వెళ్తాయి.

శాఖకు వెళ్లిన ఉత్తరం వాళ్ల ఫైల్లో భాగమవుతుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా కాపీ అడగొచ్చు. కాబట్టి రేపు పేపర్లో అచ్చయినా ఇబ్బంది లేని మాటలే రాయండి.

7. సిఫార్సు లేఖలు: పరువు పోయేది ఇక్కడే

తిరుమల దర్శనం. తెలుగు ప్రజాప్రతినిధి దగ్గర పనిచేసే ప్రతి పీఏకూ ఇదే పెద్ద తలనొప్పి. ముందు అడిగేవాళ్లకు తెలియాల్సింది: లేఖ ఉన్నంత మాత్రాన దర్శనం ఖాయం కాదు, టికెట్ ఉచితమూ కాదు. వీఐపీ బ్రేక్ దర్శనానికి తలకు 500 రూపాయల టికెట్ కొనాల్సిందే. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి లాంటి రద్దీ రోజుల్లో లేఖలు తీసుకోరు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడూ ఆపేస్తారు.

- పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా
- ఎంతమందో అంకెల్లో, అక్షరాల్లో రెండూ. పేర్ల కింద ఖాళీ ఉంటే గీత కొట్టాలి
- దర్శనం తేదీ తప్పనిసరి. తేదీ లేని లేఖ చేతులు మారుతుంది
- తీసుకెళ్లేవారి ఫోన్ నంబరు, సంతకం మన రిజిస్టర్లో

లేఖలు అమ్ముకున్న కేసులు పోలీసుల దాకా వెళ్లాయి. అటువంటప్పుడు మొదట పిలిచేది పీఏనే. ఎవరైనా "మా ఫ్రెండ్స్, పేర్లు తర్వాత రాసుకుంటాం" అంటే నవ్వుతూ "పేర్లు వాట్సాప్ చేయండి, పది నిమిషాల్లో ఇస్తా" అనండి. సగం మంది మళ్లీ రారు.

ముఖ్యమంత్రి సహాయ నిధి. ఇందులో తప్పు జరిగితే దెబ్బతినేది అప్పు చేసి వైద్యం చేయించుకున్న ఇల్లు. అందుకే నిదానంగా చూడండి. తెలంగాణలో 2024 జూలై నుంచి దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, సిఫార్సు లేఖ దాంతోపాటు జత చేయాలి.

- ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ. జిరాక్స్ సెట్టు మన దగ్గర
- రోగి ఆధార్, రేషన్ కార్డు లేదా ఆదాయ పత్రం
- బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. ఖాతా నంబరు ఇద్దరు విడివిడిగా చదివి సరిచూడాలి
- పాస్‌బుక్‌లో పేరు, బిల్లులో పేరు ఒకటేనా?
- ఆరోగ్యశ్రీ కిందో ఇన్సూరెన్సు కిందో ఇదే బిల్లు ఇప్పటికే తీసుకున్నారా? అడగండి

ఆపరేషన్ ఇంకా కాకపోతే అడగాల్సింది ఎల్‌ఓసీ, అంటే ఖర్చు నిధి నుంచి ఇస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం. జనానికి ఈ తేడా తెలియదు, ఆపరేషన్ అయ్యాక వచ్చి ఎల్‌ఓసీ అడుగుతారు. ఫోన్‌లోనే తేల్చండి.

బదిలీలు. కేంద్ర ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళిలో 20వ నిబంధన ఉంది: సర్వీసు విషయాల్లో రాజకీయ ఒత్తిడి తేకూడదు. మన లేఖ ఆ ఉద్యోగి ఫైల్లో చేరి అతనికే మెమో రావచ్చు. ఈ మాట చెబితే చాలామంది లేఖ వద్దని తామే అంటారు.

కోర్టులో ఉన్నవి, పోలీసు దర్యాప్తులో ఉన్నవి. రాయొద్దు. న్యాయసహాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దారి చూపించండి.

గల్ఫ్ నుంచి వచ్చేవి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు, కడప, గోదావరి జిల్లాల వైపు పనిచేసేవాళ్లకు ఇవి తప్పవు. "మా ఆయనను కంపెనీ పంపిస్తలేదు" అని భార్య వస్తుంది. ఆమె దగ్గర పాస్‌పోర్టు కాపీ, కంపెనీ పేరు, ఆయన ఫోన్ నంబరు, ఉన్న చోటు తీసుకుని విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు వేసి లేఖ రాయండి. నంబరు లేని లేఖకు ఎంబసీలో కదలిక తక్కువ.

8. శుభలేఖలు, సంతాపాలు, ముందుమాటలు

మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే బల్ల మీద పసుపే. పెళ్లి కార్డులన్నీ తేదీల వారీగా పేర్చి, వెళ్లాల్సినవి సార్‌తో టిక్ పెట్టించుకుని, మిగతావాటికి పెళ్లికి రెండు రోజుల ముందే చేరేలా శుభాకాంక్షలు పంపండి. తల్లిదండ్రుల పేర్లు కార్డులో ఉన్నట్టే.

సంతాపం మాత్రం అచ్చు వేసింది పంపకండి. నాలుగు లైన్లయినా సార్ చేతిరాతే. పోయినవారి గురించి ఒక నిజమైన సంగతి అడిగి తెలుసుకుని సార్‌కు చెప్పండి, ఆయనే రాస్తారు.

అడ్రసుల జాబితా ఏడాదికి రెండుసార్లు దిద్దండి. ఒక సంక్రాంతికి మేం పంపిన గ్రీటింగ్ మూడు నెలల కిందట పోయినాయన పేరుతో వెళ్లింది. ఆ ఇంటి పెద్దబ్బాయి దాన్ని చేత్తో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. అప్పటినుంచి ప్రతి సంతాపం పంపిన రోజే జాబితాలో పేరు మారుస్తున్నాను.

పుస్తకానికి ముందుమాట అడిగేవాళ్లకు చదవకుండా ఒప్పుకోవద్దని సార్‌కు చెప్పండి. వినకపోవచ్చు.

9. వాట్సాప్, మెయిల్

కాగితానికి ఉన్న మర్యాదే దీనికీ. వినతి వాట్సాప్‌లో వచ్చినా ఇన్‌వర్డ్ నంబరు వేయండి, ఆ నంబరు తిరుగు మెసేజ్‌లో పంపండి. ఆఫీసుకు విడిగా ఒక సిమ్ ఉండాలి. మీ సొంత ఫోన్‌కు వస్తే, మీరు మానేసిన రోజు ఆ వినతులన్నీ మీతో వెళ్లిపోతాయి.

ఆధార్లు, బిల్లులు, మెడికల్ రిపోర్టుల ఫొటోలు ఆఫీసు కంప్యూటర్లోకి మార్చి ఫోన్‌లోంచి తీసేయండి. ఎవరి రిపోర్టూ గ్రూపులో ఫార్వర్డ్ చేయొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచి, ఊళ్లో ఆ ఇంటి పరువు సంగతి ఆలోచించండి.

10. భయపెట్టే ఉత్తరాలు

బెదిరింపు ఉత్తరమైతే ఇంకెవరూ తాకకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. కవరు, స్టాంపు, పోస్టాఫీసు ముద్ర అన్నీ అలాగే ఉండాలి. పిన్ కొట్టొద్దు, మన తేదీ స్టాంపు వేయొద్దు. పోలీసులకు ఇచ్చి రసీదు తీసుకోండి. పార్శిల్ మీద అనుమానముంటే విప్పకుండా, కదపకుండా, గదిలోంచి అందరూ బయటికి వచ్చి 112కు ఫోన్ చేయండి.

"చచ్చిపోతాను" అని రాసినవాళ్లకు జవాబు రాస్తూ కూర్చోకండి. ఫోన్ నంబరు ఉంటే వెంటనే మాట్లాడండి, లేకపోతే ఆ ఊరి స్టేషన్‌కు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 గోడ మీద రాసి పెట్టండి, తెలుగులో మాట్లాడతారు. బెదిరించడానికి రాశాడా, నిజంగానా అని మనం తీర్పు చెప్పకూడదు.

11. పంపడం, వెంటపడటం

సంతకానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి: పేరు, హోదా, తేదీ, జతలు, కవరు మీది అడ్రసు, లోపలి ఉత్తరం ఒకరివేనా? ఒకరి ఉత్తరం ఇంకొకరి కవర్లో పడటం నెలకు ఒకసారైనా జరిగే పని.

ఆఫీస్ కాపీ సంతకం అయ్యాక తీయాలి, ముందు కాదు. తీసినదాన్ని భద్రంగా దాచండి. గాంధీగారి రచనల సంపుటాలు ఇంగ్లీషులో 100 అయ్యాయంటే, అందులో ఆయన ఉత్తరాలు అన్నేసి దొరికాయంటే, ఎవరెవరో ఆ కాగితాలను భద్రంగా దాచబట్టే.

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. రసీదు మీది ట్రాకింగ్ నంబరు ఔట్‌వర్డ్‌లో రాయండి.

శాఖకు చేరాక ఇ-ఆఫీస్ నంబరు, అంటే వాళ్ల కంప్యూటర్ ఫైలు నంబరు, అడిగి తీసుకోండి. అది లేకుండా "ఏమైంది?" అని అడిగితే "చూస్తాం" అంటారు. మీ సార్ ఎంపీ అయితే కేంద్ర శాఖలు 15 రోజుల్లో అందినట్టు చెప్పాలి, ఆ తర్వాత 15 రోజుల్లో జవాబివ్వాలి. ఈ గడువు గుర్తుచేస్తూ మర్యాదగా రెండో ఉత్తరం రాయొచ్చు. నేను ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ గడుల మీద వేలు పెట్టుకుంటూ ఫోన్లు చేసేవాణ్ని.

12. తరచూ జరిగే తప్పులు, దిద్దుకోవడం

- ఖాళీ లెటర్‌హెడ్ల మీద ముందే సంతకాలు. విదేశం వెళ్లే ముందు సార్ "ఓ ఇరవై పెట్టి పోతా" అంటారు. ఒప్పుకోకండి. స్కాన్ పంపి అనుమతి తీసుకుని, "సార్ తరఫున" అని మీ పేరుతో మీరే సంతకం పెట్టండి.
- ఒకే పోస్టుకు ఇద్దరికి సిఫార్సు. ఔట్‌వర్డ్‌లో వెతకకుండా టైపు చేస్తే ఇదే జరుగుతుంది. జరిగితే అధికారికి మీరే ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు కనిపెట్టేదాకా ఆగకండి.
- సార్ పేరుతో మన కోపం. తిట్టిన ఉత్తరానికి అదే రోజు జవాబు వద్దు. రాయండి, సొరుగులో పెట్టండి, పొద్దున చదవండి.
- తప్పు జవాబు వెళ్లిపోయింది. దాచొద్దు. సార్‌కు మనమే ముందు చెప్పి, దిద్దిన ఉత్తరంలో పాత తేదీ, నంబరు వేసి "దాని బదులుగా" అని రాయండి.
- బంధువుల, ఊరివాళ్ల కాగితాలు ముందుకు జరపడం. నంబరు వరస చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

13. మానేసేటప్పుడు

కొత్త పీఏకు ఇవి లెక్కపెట్టి, సంతకం తీసుకుని అప్పగించండి:

- రిజిస్టర్లు, చివరి నంబరు కింద గీత కొట్టి, తేదీ వేసి
- మిగిలిన లెటర్‌హెడ్లు, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు వరకు
- బాక్సు ఫైల్లో ఇంకా తిరిగి పంపని ఒరిజినల్స్, పేర్ల జాబితాతో
- ఆఫీసు సిమ్, మెయిల్ పాస్‌వర్డ్, మీ ఎదుటే మార్పించి
- సార్ ఎవరిని ఎలా పిలుస్తారో రాసుకున్న నోట్‌బుక్

నోట్‌బుక్ ఇచ్చేముందు ఒక జిరాక్స్ దాచుకోవాలనిపిస్తుంది. దాచుకోకండి. నేను మానేశాక ఏడాదికి ఒకాయన వచ్చి, ఫలానా లేఖ కాపీ ఉంటే మంచి ధర ఇస్తానన్నాడు. నా దగ్గర ఏమీ లేదు కాబట్టి టీ ఇచ్చి పంపాను.